పెన్‌డ్రైవ్‌ను చదవని ప్లేయరు

2008 ఫిబ్రవరిలో నేను గుంటూరులో ఒక టీవీల కంపెనీ సర్వీస్ సెంటర్లో ఫీల్డ్ ఇంజినీరుగా ఉన్నాను. అదేమీ పెద్ద హోదా కాదు. సెట్టు మా దగ్గరికి రాలేనప్పుడు మేమే సెట్టు దగ్గరికి వెళ్ళాలి, అంతే తేడా. చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా ఊళ్ళన్నీ నా వంతు. మిరప కోతల కాలంలో ఆ దారిన మోటారుసైకిల్ మీద తిరిగేవాడు టూల్‌కిట్ మరిచిపోయినా ఫరవాలేదు గానీ ముక్కుకు రుమాలు మరిచిపోకూడదు.

మా కంపెనీ డీవీడీ ప్లేయర్లకు యూఎస్‌బీ పోర్టు పెట్టి అప్పటికి కొద్దికాలమే అయింది. డిస్కు అక్కర్లేకుండా పెన్‌డ్రైవ్ గుచ్చితే టీవీలో వీడియో వస్తుందని జనం ఎగబడి కొన్నారు. వెనకాలే ఫిర్యాదులూ వచ్చాయి. చాలావాటిలో తప్పు సెట్టుది కాదు. వీడియో ఫైళ్ళను రకరకాల పద్ధతుల్లో కుదించి దాస్తారు. ఆ పద్ధతి ప్లేయరుకు తెలిసినదైతేనే బొమ్మ వస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసిన తీరు కూడా ప్లేయరు చదవగలిగేదై ఉండాలి. ఇదంతా ఫోన్లో వివరించబోతే, "మా బావమరిది కంప్యూటర్లో బ్రహ్మాండంగా వచ్చిందండీ" అనేవాళ్ళు. బావమరిది కంప్యూటరు సాక్ష్యానికి ఎదురు చెప్పడం మావల్ల అయ్యేది కాదు.

పర్చూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఫిర్యాదు మాత్రం వేరుగా ఉంది. పెన్‌డ్రైవ్ అదే, ఫైళ్ళూ అవే. మొదట్లో బాగానే చదివిందట, తరువాత ఆగి ఆగి చదివిందట, ఇప్పుడు అసలు చదవడం లేదట. ఫోన్ చేసినామె పేరు పద్మ. వీలైతే ఆ రోజే రమ్మని బతిమాలింది.

వాకిట్లో అడుగుపెట్టగానే ఆమె మామగారు వెంకటేశ్వర్లుగారు ఎదురయ్యారు. మిరప రైతు, గొంతు పెద్దది. "ఏమయ్యా ఇంజినీరూ, కొని మూణ్ణెల్లు కాలేదు, మీ డబ్బా మూలనపడింది" అన్నారు. లోపలికి వెళ్ళాక సంగతంతా తెలిసింది. పద్మ బి.ఇడి. చదివింది. టీచరు ఉద్యోగాల పరీక్ష ఒకసారి రాసి తప్పింది. ఈసారి కూడా రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టాలని మామగారు షరతు పెట్టారు. భర్త చీమకుర్తి క్వారీలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. చంటిపిల్లతో గుంటూరు వెళ్ళి కోచింగు తీసుకునే వీలు లేక, ఆమె కోచింగ్ సెంటరువాళ్ళు వీడియో తీసిన పాఠాలను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. ఇంట్లో కంప్యూటరు లేదు, ఉన్నది ఆ ప్లేయరే. పరీక్ష రెండు వారాల్లోకి వచ్చింది, లెక్కల పాఠాలు సగానికి సగం అలాగే ఉండిపోయాయి.

మా పద్ధతి ప్రకారం కస్టమరు పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, సెట్లు పరీక్షించడానికి నాతో తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చాను. అదీ చదవలేదు. అంటే ఫైలు గొడవ కాదు, లోపం పోర్టులో ఉంది. పోర్టు ముందు తలుపులా తెరుచుకునే చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి టార్చి వేసి చూస్తే లోపల ఏదో గట్టిపడి ఉంది. మిరపపొడి అనుకున్నాను, ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు. సన్న స్క్రూడ్రైవరు కొసతో గీకి చూస్తే పసుపు, దాని మీద కుంకుమ.

ఇందులోకి పసుపు ఎలా వచ్చిందని అడిగాను. వెంకటేశ్వర్లుగారి భార్య అనసూయమ్మగారు ఏ జంకూ లేకుండా జవాబు చెప్పారు.

"నేనే రాశాను నాయనా. పాఠాలన్నీ దీంట్లోంచే లోపలికొస్తాయని అమ్మాయి చెప్పింది. చిన్న తలుపు కూడా ఉందాయె. చదువులతల్లి వచ్చే గుమ్మాన్ని ఊరికే ఎట్టా వదిలేస్తాం? శుక్రవారం మా గడపతో పాటు దానిక్కూడా తడిపసుపు రాసి బొట్టు పెడుతున్నా."

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అయితే నేను స్క్రూడ్రైవరు కొసకు అంటిన పసుపును కాగితం మీద దులపడం చూసి ఆవిడకు విషయం అర్థమైపోయింది. "అయితే చెడగొట్టింది నేనేనా?" అంటూ గోడకు జారగిలబడి కూర్చున్నారు.

"ఓసి నీ భక్తి తగలెయ్యా! ఆ చదువు ఈ ఇంటికి అచ్చిరాదని నేను ముందే చెప్పలా?" అని వెంకటేశ్వర్లుగారు కేకలేశారు.

పద్మ అడ్డుపడింది. "అచ్చిరాకేం మామయ్యా? ఈ ఇంట్లో నా చదువుకి బొట్టు పెట్టింది అత్తయ్య ఒక్కరే. రాస్తుంటే నేనూ చూశాను. వద్దనడానికి నాకే నోరు రాలేదు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

స్పిరిట్‌తో కడిగితే పసుపు పోయింది గానీ, పోర్టులోని సన్న రేకుల్లో ఒకటి తడికి చిలుమెక్కి ఊడింది. ఫీల్డులో పోర్టు ఒక్కటే మార్చే అధికారం మాకు లేదు. బోర్డు మొత్తం మార్చాలి, అది హైదరాబాదు నుంచి రావాలి. ఈలోగా పరీక్ష అయిపోతుంది. పైగా బయటి పదార్థం చేరి చెడిన సెట్టుకు వారంటీ వర్తించదు. వారంటీ లేకపోతే స్టాండ్‌బై కూడా ఇవ్వకూడదు. మరమ్మతు పూర్తయ్యేదాకా కస్టమరుకు వాడుకోను ఇచ్చే సెట్టును స్టాండ్‌బై అంటాం.

మా సర్వీస్ మేనేజర్ రంగారావుగారికి ఫోన్ చేశాను. కంపెనీ వరమిచ్చినా ఈ పూజారి ఇవ్వడని మేమంతా వెనకాల అనుకునే మనిషి. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. పరీక్ష ఎప్పుడని అడిగారు. చెప్పాను. "బోర్డు డబ్బులు వదలనయ్యా, రూలు రూలే. స్టాండ్‌బై మాత్రం నా పూచీ మీద రాసుకో. రేపు పొద్దున్నే నువ్వే తీసుకెళ్ళి పెట్టిరా" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. పై ఆఫీసు అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే.

మర్నాడు సెట్టు తీసుకెళ్ళి బిగించాను. అనసూయమ్మగారు దాని దరిదాపులకు రాలేదు. గుమ్మం అవతలే నిలబడ్డారు. బొట్టు పెట్టరా అమ్మా అని నేనే అడిగాను. "వద్దు నాయనా, నా చెయ్యి మంచిది కాదు" అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టంగా తోచింది. పైమూత మీద ముందంచున, గాలి రంధ్రాలకు దూరంగా వేలు పెట్టి చూపించాను. ఇక్కడ పెడితే సెట్టుకు ఏమీ కాదని చెప్పాను. ఆవిడ కదల్లేదు. కాసేపటికి వెంకటేశ్వర్లుగారే దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి భార్య చేతికిచ్చారు.

"ఇంజినీరే చెబుతున్నాడుగా, పెట్టవే!"

ఆవిడ బొట్టు పెట్టారు. పద్మ పెన్‌డ్రైవ్ గుచ్చింది. లెక్కల పాఠం మొదలైంది. నాకు మజ్జిగ ఇచ్చి, పాఠం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదని వెంకటేశ్వర్లుగారు నన్ను వరండాలోకి పంపేశారు.

పద్మకు ఉద్యోగం వచ్చిందని తరువాత డీలరు చెప్పాడు. అంతకు ముందే నేను నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. కొత్త సెట్టు బిగించినప్పుడు, రిమోటు చేతికిచ్చే ముందు, "బొట్టు ఎక్కడ పెడతారమ్మా?" అని అడగడం మొదలుపెట్టాను. పెడతామన్నవాళ్ళకు చోటు చూపించేవాణ్ణి. మాకు అలవాటు లేదన్నవాళ్ళకు పోర్టు మూత తెరిచి ఉంచవద్దని మాత్రం చెప్పేవాణ్ణి. సెట్టును ఎలా వాడాలో మాన్యువల్లో ఉంటుంది. ఆ ఇంట్లో దాన్ని ఎంత గౌరవంగా చూసుకుంటారో అడిగితేనే తెలుస్తుంది. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను. పసుపు చేరిన పోర్టు మళ్ళీ నా టేబుల్ మీదికి రాలేదు.