ఒకటో నంబరు ఎక్కడ వేయాలి

1990 జూలై. సిడ్నీకి పడమటి వైపు, బ్లాక్‌టౌన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, డాక్టర్ల క్వార్టర్స్‌లో నేను పనిచేసేదాన్ని. డ్యూటీ మధ్యలో డాక్టర్లు తినడానికీ, కాసేపు నడుము వాల్చడానికీ ఉన్న రెండంతస్తుల భవనం అది. దుప్పట్లు మార్చడం, వంటగది తుడవడం, టీ సామాను నింపడం నా పని. చివరి సంవత్సరం మెడికల్ విద్యార్థులు కూడా వార్డుల్లో పని నేర్చుకోవడానికి వచ్చి అక్కడే తినేవారు.

నాకు చదువు వచ్చింది నలభై మూడేళ్ళ వయసులో. చర్చి హాల్లో వారానికి రెండు సాయంత్రాలు నడిచే క్లాసులో మొదట ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత పాస్టరమ్మగారు నేర్పారు. కొత్తగా వచ్చిన చదువు కదా, కంటబడిందల్లా చదివేదాన్ని. పాల డబ్బా మీద తారీకు, తలుపు మీద నోటీసు, ఫ్రిజ్‌లో ఎవరి డబ్బా మీద ఎవరి పేరు. ఈ సంగతి ఆ అలవాటు వల్లే జరిగింది.

ఒక మంగళవారం పొద్దున బల్ల తుడుస్తుంటే జామ్ సీసా కింద ఒక కాగితం కనిపించింది. అది ప్రిఫరెన్స్ ఫారం. డాక్టరు చదువు పూర్తవుతున్నవాళ్ళు మరుసటి ఏడాది ఏ ఆసుపత్రిలో ఇంటర్న్‌గా, అంటే మొదటి ఏడాది డాక్టరుగా, చేరతారో ఈ ఫారంతోనే తేలుతుంది. ఆసుపత్రుల పేర్లు వరసగా ఉంటాయి, పక్కన గళ్ళు. బాగా కావలసినదానికి ఒకటి, తర్వాతదానికి రెండు, అలా అన్నిటికీ నంబర్లు వేయాలి. పైన ఆ విద్యార్థుల్లో ఒకతైన మాధవి పేరు ఉంది. మెల్లగా కూడబలుక్కుంటూ కిందికి వచ్చాను. ఎక్కడో దేశం లోపల, కారులో ఏడెనిమిది గంటల దూరంలో ఉన్న ఊరి ఆసుపత్రికి ఒకటి వేసింది. మాకు నాలుగు.

నాకు రోషం వచ్చింది. మాధవి తెనాలి పిల్ల, పదమూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. మా వంటగదిలో నాతో తెలుగు మాట్లాడేది ఆ అమ్మాయి ఒక్కతే. టోస్టు కోసం లోపలికి రాగానే అడిగేశాను.

"ఏం మాధవీ, మా ఆసుపత్రి తిండి నీకు పడలేదా? నాలుగో దాంట్లోకి తోశావు."

"యూ రెడ్ మై ఫారం, ఆంటీ?" అని నవ్వింది.

"చదవడం వచ్చాక ఆపడం రావట్లేదమ్మా."

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చింది. తండ్రి లేడు. తల్లి శారదగారికి షుగరు కళ్ళ మీదికి వచ్చింది. ఇన్సులిన్ సిరంజి మీది గీతలు ఆవిడకు కనపడవు. రోజూ పొద్దున్నే మాధవే మందు సిరంజిల్లోకి ఎక్కించి, ఫ్రిజ్‌లో పెట్టి వస్తుంది. కంటి డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళేదీ తనే. ఈ చుట్టుపక్కల చోటు దొరికితే ఇవన్నీ సాగుతాయి. లేకపోతే ఏం చేయాలో తెలియడం లేదంది.

"మరి అంత దూరం ఊరికి ఒకటెందుకు వేశావే?"

"రియలిస్టిక్‌గా ఉండాలి కదా ఆంటీ. థర్డ్ ఇయర్‌లో నేను సప్లిమెంటరీ రాశాను. ఇక్కడికి మంచి మార్కులవాళ్ళు ట్రై చేస్తారు. ఒకటి ఇక్కడ వేసి రాకపోతే, దెన్ ఐ లూజ్ ఎవ్రీథింగ్. ఆ ఊరికి ఎవరూ వెళ్ళరు, సో అక్కడైతే నన్ను తీసుకుంటారు."

వాళ్ళ పెదనాన్న కొడుకు గుంటూరులో తన రాంకుకు మించిన కాలేజీకి ఆశపడి, చేతిలో ఉన్న సీటు కూడా పోగొట్టుకున్నాడట. ఆ కథ వాళ్ళింట్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. మన వైపు రాంకు అంటే పరీక్ష మనకు ఇచ్చేది. అది చూసుకుని మన ఆశను మనమే తగ్గించుకుంటాం. ఆ భయంతోనే ఈ పిల్ల ఫారం నింపింది. యూనివర్సిటీలో ఫారం గురించి వివరంగా చెప్పిన రోజున తల్లిని కంటి క్లినిక్‌కు తీసుకెళ్ళి, ఆ మాటలు వినలేకపోయింది.

నేను విన్నది వేరు. మెడికల్ అడ్మినిస్ట్రేషన్ ఆఫీసుకు రోజూ టీ నేనే తీసుకెళ్ళేదాన్ని. విద్యార్థుల ఫారాలు పోగుచేసి పంపేది అక్కడి క్లర్కు జోన్. ఆవిడ ఫోనులో ఇరవైసార్లు చెప్పిన మాటలు నా చెవిన పడి ఉన్నాయి. కానీ నా మాట ఎవరు నమ్ముతారు? మాధవిని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికే పోయాను.

జోన్ కళ్ళజోడు నెత్తి మీదికి తోసి ఓపిగ్గా చెప్పింది. మార్కులు ఎవరూ అడగరు. బ్యాలట్ తీస్తారు, అంటే చీటీలు తీసినట్టే. ఒక్కొక్కరి పేరు వచ్చినప్పుడు వాళ్ళ కాగితం చూస్తారు. ఒకటి వేసిన చోట ఖాళీ ఉంటే అక్కడే ఇస్తారు. లేకపోతే రెండు చూస్తారు, తర్వాత మూడు.

"ఒకటి దొరకనందుకు ఏమైనా తగ్గిస్తారా?" అని మాధవి ఇంగ్లీషులో అడిగింది.

"దేన్ని తగ్గిస్తాం, లవ్?" అంది జోన్, అందరినీ పిలిచినట్టే. ఒక కొత్త ఫారం చేతిలో పెట్టి, శుక్రవారం నాలుగింటికల్లా తెచ్చివ్వమంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి చూస్తే వంటగదిలో ఆ ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. గళ్ళన్నీ ఖాళీ.

"ఇంకా వేయలేదేం?"

"ఇట్ ఫీల్స్ లైక్ చీటింగ్, ఆంటీ. నాకంటే బాగా చదివినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు నేను ఒకటి అని ఎలా రాయను?"

గుడ్డ పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆ ఏడాదే నేను ఇక్కడ మొదటిసారి ఓటు వేశాను. ఇక్కడ ఓటు కాగితం మీద ముద్ర వేయరు, నిలబడ్డవాళ్ళందరికీ ఇష్టం కొద్దీ వరసగా నంబర్లు వేయాలి. అచ్చం ఆ ఫారం లాంటిదే. ఆ సంగతి చెప్పాను.

"ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ పెన్సిలుతో నంబర్లు వేశాను మాధవీ. పక్క అరలో సూటు వేసుకున్నాయన ఉన్నాడు, పెద్ద చదువులవాడే అయ్యుంటాడు. ఆయన ఒకటీ నా ఒకటీ ఒకే పెట్టెలో పడ్డాయి. ఈవిడ పెద్దగా చదువుకోలేదు, ఈవిడ ఒకటిని రెండుగా లెక్కపెట్టండి అని ఎవరూ అనలేదు. నువ్వు ఎంతదానివని ఆ కాగితం అడగదమ్మా. నీకేం కావాలని అడుగుతుంది."

మాధవి ఫారం దగ్గరికి లాక్కుంది. తర్వాత పెన్ను తీసి మాకు ఒకటి వేసింది. ఇంటి నుంచి రైల్లో పోగలిగే ఇంకో ఆసుపత్రికి రెండు. ఆ దూరపు ఊరికి చిట్టచివరి నంబరు. నాలుగింటికి పది నిమిషాలుండగా పరుగెత్తుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

సెప్టెంబరులో ఫలితం వచ్చింది. బ్యాలట్‌లో మాధవి పేరు బాగా చివర్లో వచ్చింది. అప్పటికే మా ఆసుపత్రి నిండిపోయింది. రెండో నంబరు వేసిన చోట మాత్రం ఖాళీ ఉంది, అది దక్కింది. ఆ దూరపు ఊళ్ళో చివరిదాకా ఖాళీలు మిగిలాయని జోన్ చెప్పింది. పాత ఫారమే పంపి ఉంటే ఈ పిల్ల అక్కడే తేలేది.

మా దగ్గరికి రానందుకు నా మనసు కొంచెం చివుక్కుమన్న మాట నిజం. ఆ ఆదివారం శారదగారు ఫోను చేసి, "ముప్పై అయిదు నిమిషాలేనంట కరుణమ్మగారూ, పొద్దున సిరంజిలు నింపి పోవచ్చంట" అన్నారు. దాంతో ఆ బాధా పోయింది.

దొరికినదానితో సర్దుకోవడం మంచి గుణమే. కానీ అడగకముందే సర్దుకుంటే, మనకు ఏం కావాలో ఇచ్చేవాళ్ళకు తెలిసే దారి ఉండదు. ఈ మాట ఆ అమ్మాయికి చెప్పి పంపాను గానీ, నాకు అర్థమైంది ఇంకో రెండు నెలలకు. మా రోస్టరు కాగితం వచ్చింది, ఎవరికి ఏ షిఫ్టు కావాలో రాసిమ్మని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అందులో నా పేరు పక్కన "ఏదైనా సరే" అనే ఉండేది. మొదట్లో సూపర్‌వైజరు రాసేది, అక్షరాలు వచ్చాక నేనే రాసేదాన్ని. ఈసారి దాన్ని కొట్టేసి, పొద్దున షిఫ్టుకు ఒకటి వేశాను. వారంలో అయిదు రోజులకు మూడు రోజులు పొద్దున షిఫ్టే ఇచ్చారు.