ఎనిమిదో కుప్ప

మా వీధి కిర్చాలో కత్తి పట్టేది బెయెనె. ఏడాదంతా మగ్గం ముందు నోరెత్తకుండా కూర్చునే మనిషి, ఉపవాసాలు ముగిసే ఫాసికా పండగ వచ్చిందంటే మాత్రం ఎవరి మాటా వినడు. ఎనిమిది ఇళ్లవాళ్లం కలిసి ఒక ఎద్దును కొని పంచుకోవడమే కిర్చా. పక్కటెముకలు, తొడ మాంసం, బోటీ, దేన్నయినా ఎనిమిది చేసి గడ్డి మీద ఎనిమిది కుప్పలు పెడతాడు. ఏ కుప్పకూ వంక పెట్టలేం. నేను చాలాసార్లు ప్రయత్నించాను.

ఈసారి ఉపవాసాల మొదట్లోనే మా ఎనిమిదిళ్లలో ఒకడైన తెసెమ్మా పోయాడు. వాటా సొమ్ము అప్పటికే కట్టేశాడు. ఏ కుప్ప ఎవరిదో తేల్చడానికి, చూడకుండా కుప్ప మీద వేసేందుకు ప్రతి ఇంటి నుంచీ ఒక గుర్తు రావాలి, ఉంగరమో తాళంచెవో. ఆయన భార్య వొయినిషెత్ మాత్రం పంపలేదు. "ఒక్క నోటికి వాటా ఎందుకు? నన్ను వదిలెయ్యండి" అని కబురు పెట్టింది. అలా వదిలేస్తే ఆమె ఇక మాలోకి రాదని అందరికీ తెలుసు.

ఏడు కుప్పల మీద గుర్తులు పడ్డాయి. ఎవరిది వాళ్లు ఎత్తుకున్నారు. ఒకటి మిగిలింది.

"ఇక ఏడిళ్లేగా అన్నా! దీన్ని ఏడు చేసి తలా కాస్త వేసెయ్," అన్నాడు కోతలో సాయం చేసే దెమిస్సె.

"ఎనిమిది ఎనిమిదో వంతుల్లోంచి ఏడు తీస్తే ఎంతరా?" అన్నాడు బెయెనె.

"ఒకటి."

"ఒకటంటే ఎన్నో వంతు?"

"ఏడో వంతు!"

"నీ మొహం! కుప్పలు ఎత్తుకుపోతే కుప్పలు తగ్గుతాయి. ఎద్దును ఎన్ని చేశామో అది మారిపోతుందా? మిగిలింది ఎనిమిదో వంతే. అది ఆ ఇంటిది."

మాంసం బుట్టలో పెట్టుకుని బయల్దేరాడు. ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేక నేనూ వెంటపడ్డాను.

"వద్దన్నాను కదన్నయ్యా. సగమైనా పట్టుకుపో," అంది వొయినిషెత్.

"నేను దీన్ని మళ్లీ కొయ్యను. ఇది నీది. తింటావో, పారేస్తావో, నీ ఇష్టం."

ఆమె బుట్ట ముందు కూలబడి ముక్కలు అటూ ఇటూ కదిపింది. బుట్ట వెనక్కి తోసేస్తుందేమో అనుకున్నాను.

"కార్జం ఏదీ?"

బెయెనె వంగి బుట్టలో వెతికాడు. గుర్తులు పడ్డాక చివర్న కార్జం వేసేది దెమిస్సె. వాడు దాన్ని ఏడు ముక్కలు చేసి, గుర్తులున్న కుప్పల మీదే వేసేశాడు.

"మా వాటాలో కార్జం లేనిది ఏ ఏడు? అడిగే మగాడు లేడనా?" అంటూ వీధి వీధంతా వినేలా దులిపేసింది. బెయెనె తల వంచుకుని అన్నీ పడ్డాడు.

బయటికొచ్చాక అతని మొహం వెలిగిపోతోంది.

"తిట్టింది చూశావా? ఇక ఫరవాలేదు," అని, తన కుప్పలోని కార్జం తేవడానికి ఇంటికి పరిగెత్తాడు.