ఇంగ్లీషుకు ఊఁ కొట్టిన అత్తయ్య

హమ్మయ్య, ఆ ఫోను గండం గడిచింది! ఇప్పుడు తలుచుకున్నా గుండెల మీంచి బరువు దిగినట్టుంటుంది.

రొయ్యల మేత అమ్మే ఒక ఆఫీసులో, బయటి ఊళ్ళ నుంచి వచ్చే ఫోన్లకు ఇంగ్లీషులో జవాబు చెప్పే ఉద్యోగం అది. డిగ్రీ చదివి, పెళ్ళయి ఫరంపేట వచ్చాక నన్నొకరు ఉద్యోగానికి పిలవడం అదే మొదటిసారి. అదీ ఫోన్లోనే ఇంటర్వ్యూ చేస్తారట. ఇది పోతే ఇంకోచోట అడిగే ధైర్యం నాకుండదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

చదవడం వచ్చు, రాయడం వచ్చు. నోరు విప్పితేనే తంటా. మనం 'తినకుండా' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఇంగ్లీషువాళ్ళకేమో ముందు 'వితౌట్' అనాలి, తర్వాత 'ఈటింగ్' అని ఇంగు తగిలించాలి. బిఫోర్, ఆఫ్టర్, ఇన్‌స్టెడ్ ఆఫ్, అన్నిటికీ అదే వరస. ఆలోచిస్తే వస్తుంది సరే, ఫోన్లో ఆలోచించే తీరికెవడిస్తాడు?

అందుకని వంటింటి పనులనే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. "ఆఫ్టర్ కటింగ్ ఆనియన్స్, ఐ క్రై." "బిఫోర్ కుకింగ్ చీరమేను, ఐ వాష్ ఇట్." అంత చిన్న చేపకు ఇంగ్లీషులో ఏమంటారో నాకెక్కడ తెలుసు! గోడలకు చెబితే పిచ్చిదాన్నంటారని అత్తయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఎవరైనా చెబుతుంటే ఊఁ కొట్టకపోవడం మర్యాద కాదని ఆవిడ పట్టుదల. చింతపండు పిసుకుతూ వాక్యానికో "ఊఁ" అనేది.

"ఏం అర్థమైంది అత్తయ్యా?" అని నవ్వితే, "నాకెందుకే అర్థం? నువ్వు చెప్పు, నేను ఊఁ కొడతాను" అనేది.

చెప్పిన రోజుకు ఇంటర్వ్యూ ఫోన్ రానే వచ్చింది. స్పీకరు పెట్టాను. రోజూ ఏం చేస్తారో చెప్పమని అవతల ఎవరో మేడమ్ ఇంగ్లీషులో అడిగింది. "ఆఫ్టర్ సెండింగ్ ద చిల్డ్రన్ టు స్కూల్..." అని ఎత్తుకున్నాను. అవతల చడీచప్పుడు లేదు. వింటోందో, విసుగొచ్చి పెట్టేసిందో! తర్వాతి మాట రాదే! నా పని అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు తలుపు చాటు నుంచి వినిపించింది: "ఊఁ."

"ఐ కుక్," అన్నాను. "ఊఁ." "వితౌట్ టేస్టింగ్, ఐ నెవర్ సర్వ్." "ఊఁ." ఇక నా నోటికి అడ్డేముంది! చీరమేను దాకా అన్నీ చెప్పేశాను.

చివర్న మేడమ్, ఆ గొంతెవరిదని అడిగింది. "మై మదరిన్‌లా, మేడమ్. ఇన్‌స్టెడ్ ఆఫ్ స్లీపింగ్, షి ఈజ్ లిజనింగ్." ఆవిడ పకపకా నవ్వింది.

సోమవారం నుంచి రమ్మని సాయంత్రానికల్లా కబురొచ్చింది. వంటింట్లోకి పరుగెత్తి అత్తయ్యను వాటేసుకుని ఏడ్చేశాను. ఆవిడ నా వీపు నిమురుతూ, "చూశావా, ఊరికే బెంగపడ్డావు" అంది. తర్వాత చింతపండు గిన్నె ముందుకు లాక్కుంది.

"మరైతే సోమారం నించి నేనెవరికి ఊఁ కొట్టాలే?" అంది మెల్లగా.