నేను నోరు మూసుకున్న పూట

నిన్న నా సర్టిఫికెట్‌కి నేనే ఎసరు పెట్టుకున్నాను. నవ్వకండి, ముందు వినండి!

గవర్నర్‌పేటలో నేను కౌన్సెలింగ్ ట్రైనింగ్‌కి వెళ్తున్నానా. ఎవరైనా ఇంటి గొడవ చెప్పుకోవడానికొస్తే ఎదురుగా కూర్చుని వినాలి. మాకు నేర్పే కామేశ్వరి మేడమ్ కర్టెన్ వెనక కూర్చుని మా మాటలు వింటారు. ఆవిడ రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. నా సంగతి మీకు చెప్పాలా!

పోయిన వారం మంగమ్మగారని, బందరు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ వచ్చారు. కొడుకు మూణ్ణెల్లుగా మాట్లాడ్డం లేదట. ఆ ముక్క అన్నారో లేదో, నేనందుకున్నాను. మా మామూ ఇంట్లో గొడవ, రాజీ, తర్వాత తిన్న బిర్యానీతో సహా!

ఆవిడ వెళ్లాక మేడమ్ అన్నారు: "రజియా, నీ కలుపుగోలుతనం మంచిదే. కానీ ఆ కుర్చీలో నీ నోరు ఆవిడకి అడ్డం. మళ్లీ ఇలా అయితే సంతకం పెట్టను."

అందుకని నిన్న మంగమ్మగారు మళ్లీ వస్తే నోరు బిగించుకుని కూర్చున్నాను. ఆవిడ ఏమన్నా తల ఊపడమే!

"గొంతు పట్టేసిందా అమ్మా?"

అడ్డంగా ఊపాను.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

అంతే, కళ్లలో నీళ్లు తిరిగాయి. కర్టెన్ సంగతే మర్చిపోయాను!

"మా మేడమ్ గారండీ! ఆవిడ మాట్లాడరు, నన్ను మాట్లాడనివ్వరు. ఎదురుగా రాయిని కూర్చోబెట్టినా ఆవిడకన్నా నయం!"

పావుగంట వాయించాను. మంగమ్మగారు మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు. "ఊఁ... అప్పుడు?" అంతే.

చివర్లో మెల్లగా అడిగారు: "ఈ మాట ఆవిడతోనే చెప్పావా?"

"లేదండీ. భయం."

ఆవిడ తల దించుకున్నారు. "నేనూ మావాడితో చెప్పలేదు. వాడే ముందు రావాలని బిగుసుకు కూర్చున్నా. ఈ పూటే పోయి పలకరిస్తా" అని చెంగు దులుపుకుని లేచారు.

అప్పుడు కర్టెన్ జరిగింది. మేడమ్ బయటికొచ్చారు.

"ఈవిడేనా?" అన్నారు మంగమ్మగారు. "ఏమండీ, చిన్నపిల్లని అట్టా బెదరగొడతారా?"

మేడమ్ పెదవి కొరుక్కుంటూ ఆవిడకి నమస్కారం పెట్టి పంపించారు. తర్వాత రిజిస్టర్ తీసి ఏదో రాసి నా ముందుకి తోశారు.

'కౌన్సెలర్: మంగమ్మ. క్లయింట్: రజియా. కొంత గుణం కనిపించింది. ఇంకా నాలుగు సిట్టింగులు అవసరం.'