ట్యాబ్ నొక్కితే కర్సర్ ఎటు పోతుంది

తొంభైల చివర్లో నేను ఆబిడ్స్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. కింద బట్టల దుకాణం, పైన మా ఇన్‌స్టిట్యూట్. దుమ్ము పడితే మెషిన్లు పాడవుతాయని మా సార్ అందరితో గుమ్మం బయటే చెప్పులు విప్పించేవాడు. నేను చెప్పేది విజువల్ బేసిక్. తెర మీద ఒక ఫారం తయారుచేసి, అందులో పేరు రాయడానికి ఒక గడి, వయసు రాయడానికి ఒక గడి, నొక్కడానికి ఒక బటన్ పెట్టి, నొక్కితే ఏం జరగాలో రాయడం.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరకనివాళ్లే. ఏ బ్యాచ్ వచ్చినా తిప్పలు అవే. బటన్ నొక్కగానే లెక్క మొదలయ్యేది, ఫారం తెల్లబడి బిగుసుకుపోయేది. "మేడం, హ్యాంగ్ అయింది" అని స్విచ్ కట్టెయ్యబోయేవాళ్లు. హ్యాంగ్ కాలేదు, లోపల పని నడుస్తోంది, లెక్క చేసేవాడే తెరనూ చూసుకోవాలి, వాడికి తలెత్తే తీరిక లేదు, మధ్యమధ్య తలెత్తమని మనమే చెప్పాలి అని చెప్పి, ప్రోగ్రాంలో దానికోసం ఒక మాట రాయించేదాన్ని. అది రాస్తే ఇంకో చిక్కు వచ్చేది. తలెత్తినప్పుడు అదే బటన్ మళ్లీ నొక్కితే అదే పని దాని మీద ఇంకోసారి మొదలయ్యేది. అందుకని పని మొదలవగానే బటన్ పనిచేయకుండా చేసి, పూర్తయ్యాక తిరిగి తెరవాలి. పెద్ద తెర మీద చేసిన ఫారం చిన్న తెర మీదికి వస్తే సేవ్ బటన్ అడుగున ఎక్కడో దాక్కునేది. ఇవన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత అలవాటు.

కీబోర్డు మీది ట్యాబ్ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అందరి కుడిచేయీ మౌస్ మీదే ఉండేది.

అప్పుడు నేనూ మా అన్నా నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. మాది మెదక్ దగ్గర, అమ్మ ఊళ్లోనే ఉండేది. నాయన పోయాక అన్న టెన్త్‌తో చదువు ఆపేసి నాంపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో చేరాడు. కాగితాల దొంతరను బ్లేడు కింద పెట్టి అంచులు కోసే కటింగ్ మెషిన్ మీద పని. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లప్పుడు కరపత్రాలు. ఆ పని మీదే నన్ను డిగ్రీ చదివించాడు.

ఒకరోజు క్లాసులో ఉండగా సార్ వచ్చి, ప్రెస్ నుంచి ఫోన్ వచ్చిందన్నాడు. నేను దవాఖానకు పోయేసరికి అన్న కుడిచేయికి పెద్ద కట్టు. దొంతర సర్దుతుండగా బ్లేడు దిగిందట. నాలుగు వేళ్లూ పోయాయి, బొటనవేలు ఒక్కటి మిగిలింది. నన్ను చూసి అతను మొదట చెప్పిన మాట, "అమ్మకు ఇప్పుడే చెప్పకు చెల్లె. జర ఆగు."

ప్రెస్ యజమాని పండ్లు పట్టుకొని చూడటానికి వచ్చాడు, మంచిగానే మాట్లాడాడు. తర్వాత ఆ మెషిన్ మీదికి ఇంకొకరిని పెట్టుకున్నాడు.

గాయం మానింది కానీ అన్న గదిలోంచి బయటికి రాలేదు. ఎడమచేత్తో తినడం ఎవరూ చూడకూడదని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మా చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేయీ పట్టుకొని పలకరిస్తారు. అందుకని చర్చికి పోవడం కూడా మానేశాడు. నేను పనికి వెళ్లేటప్పుడు ఎలా ఉండేవాడో తిరిగొచ్చేసరికీ అలాగే ఉండేవాడు. పొయ్యి మీద గిన్నె కూడా కదిలేది కాదు. ఆ గదికి తాళం వేసి పోవాలంటే భయం, వేయకుండా పోవాలన్నా భయం.

మధ్యాహ్నం పూట బ్యాచ్‌లు ఉండవు, మెషిన్లు ఖాళీ. సార్‌ను అడిగి ఒప్పించి, అన్నను రమ్మన్నాను.

"ఒక్క చేతితోని ఏం కొడ్త? చూసినోళ్లు నవ్వుతరు" అన్నాడు.

"గా టైంల ఆడ ఎవ్వరుండరన్నా. నేనొక్కదాన్నే ఉంట."

"నువ్వు చూస్తవు గదా."

అయినా చాలా రోజులకు, ఎందుకో తెలియదు, షర్టు తొడుక్కొని నాతో బయలుదేరాడు. దారంతా కుడిచేయి ప్యాంటు జేబులోనే ఉంది.

ఎడమచేత్తో కీబోర్డు నెమ్మదిగా పట్టుబడింది. అక్షరాలు వచ్చాక, అతని సాధన కోసం నేనే ఒక ఫారం తయారుచేశాను. డయాగ్నొస్టిక్ సెంటర్లలో డేటా ఎంట్రీ ఉద్యోగాలు దొరికేవి కాబట్టి రోగి పేరు, వయసు, చిరునామా, చేయాల్సిన పరీక్ష, అన్నింటికీ గడులు పెట్టాను. అన్న పేరు కొట్టి, చేయి ఎత్తి మౌస్ పట్టుకొని, బాణం గుర్తును తర్వాతి గడి మీదికి తెచ్చి నొక్కి, మళ్లీ కీబోర్డు మీదికి వచ్చి అక్షరాలు వెతుక్కునేవాడు. ప్రతి గడికీ ఇదే. ఒక ఫారం పూర్తయ్యేసరికి ఆ ఏసీ గదిలో అతని మెడ తడిసిపోయేది.

"నీకైతే ఒక చెయ్యి గీడ, ఒక చెయ్యి గాడ ఉంటది" అన్నాడు. "నాకున్నదొక్కటే. అదే పోవాలె, అదే రావాలె."

"మౌస్ ఇడిసిపెట్టు. ట్యాబ్ కొట్టు, తర్వాతి గడిలకు పోతది" అన్నాను.

కొట్టాడు. కర్సర్ పేరు గడిలోంచి చిరునామాకు పోయింది, అక్కణ్నుంచి పరీక్ష గడికి, సేవ్ బటన్ మీదికి పోయింది, ఆ తర్వాత వెనక్కి వచ్చి వయసు గడిలో కూర్చుంది.

"గిదేంది, ఏడికో పోయింది?"

గడులను మనం ఏ వరుసలో గీస్తామో ఆ వరుసలోనే ఫారం వాటికి నంబర్లు ఇస్తుంది. తెర మీద ఎక్కడున్నాయన్నది దానికి పట్టదు. వయసు గడిని నేను చివర్లో గుర్తొచ్చి పెట్టాను, అది చివరికి పోయింది. ఆ మధ్యాహ్నం కూర్చొని నంబర్లన్నీ పై నుంచి కిందికి దిద్దాను. గడి పక్కన 'వయసు', 'పరీక్ష' అని ఉండే పేరులో ఒక అక్షరం కింద గీత వచ్చేలా చేస్తే, ఆల్ట్ కీ పట్టుకొని ఆ అక్షరం కొట్టగానే నేరుగా అక్కడికి పోవచ్చు. కానీ కర్సర్ ఆ పేరులో నిలబడలేదు, దాని తర్వాతి నంబరున్న గడిలోకి దూకుతుంది. అందుకని ప్రతి పేరుకూ దాని గడికీ పక్కపక్క నంబర్లు ఇవ్వాలి. అదీ చేశాను. అన్న కుడిచేతి బొటనవేలు ఆల్ట్ మీద ఆనించి, ఎడమచేత్తో అక్షరం కొట్టాడు. కర్సర్ చెప్పిన చోటికి పోయింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ చేయి జేబులోంచి బయట అంతసేపు ఉండటం అదే మొదలు.

నాకు హుషారొచ్చి ఇంకో పని చేశాను. ఏ గడైనా ఖాళీగా వదిలి ముందుకు పోతే, తప్పని ఒక సందేశం చూపించి కర్సర్‌ను వెనక్కి తెచ్చేలా రాశాను. మర్నాడు అన్న పేరు రాయకుండా ట్యాబ్ కొట్టాడు. పేరు రాయమని సందేశం వచ్చింది. ఓకే నొక్కాడు. కర్సర్ వెనక్కి వచ్చే లోపల వయసు గడి కూడా ఖాళీగానే వదిలినట్టయింది. వయసు రాయమని సందేశం. ఓకే నొక్కితే మళ్లీ పేరు. రెండు గడులూ అతన్ని చెరోవైపు లాగుతున్నాయి. నేను పక్క మెషిన్ దగ్గర ఉన్నాను. ఓకే కోసం ఎంటర్ మీద కొట్టే దెబ్బలు ఆగకుండా వినబడుతుంటే తిరిగి చూశాను. అన్న ముఖం నల్లబడిపోయి ఉంది.

"ఇది నన్ను పోనిస్తలేదు" అన్నాడు.

"నీ తప్పు కాదన్నా, నేను రాసిందాంట్ల ఉన్నది" అని లేచేలోపే కుర్చీ వెనక్కి నెట్టి మెట్లు దిగిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు అలాగే ఉన్నాయి. నేను చెప్పులు పట్టుకొని సుల్తాన్ బజార్ దాకా వెతికాను. ఎండకు కాలుతున్న రోడ్డు మీద వట్టి కాళ్లతో గదికి నడిచిపోయాడని సాయంత్రం తెలిసింది. గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ఏ గడిలోంచైనా స్వేచ్ఛగా పోనిచ్చి, చివర్లో సేవ్ నొక్కినప్పుడు మాత్రమే అన్నీ ఒకేసారి చూసుకోవాలి. తప్పుంటే ఎక్కడుందో చెప్పి, అక్కడికి తీసుకుపోవాలి. అలా మార్చి రాశాను. అన్న బొబ్బలు మానాక మళ్లీ వచ్చాడు. అప్పటినుంచి నా క్లాసులో ఫారం పూర్తిచేసిన ప్రతివాడి మౌస్ వైరూ పీకేసి, ఇప్పుడు నింపి చూపించమనేదాన్ని. పిల్లలు విసుక్కునేవాళ్లు.

అన్నకు బషీర్‌బాగ్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. వెనక గదిలో కూర్చొని రోగుల వివరాలు ఎక్కించడం. అక్కడిది పాత ప్రోగ్రాం. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్ అన్న మాటే లేదు. ఎంటర్ కొడుతూ పోతే ఒక గడి తర్వాత ఒకటి వరుసగా వచ్చేవి. అన్న అక్కడ కొన్నేళ్లు కుదురుగా చేశాడు. అమ్మ చనిపోయే ముందు ఊరి నుంచి ఒకసారి వచ్చి, ఆ సెంటర్ బయట నిలబడి బోర్డు చూసి వెళ్లింది.

రెండువేల సంవత్సరం దాటాక వాళ్లు ప్రోగ్రాం మార్చారు. రంగురంగుల కొత్త ఫారాలు. రక్తపరీక్షకు ఎర్ర చుక్క బొమ్మ, ఎక్స్‌రేకు ఎముక బొమ్మ, బొమ్మ మీద మౌస్‌తో నొక్కితేనే పరీక్ష ఎంచుకోవడం. అన్న రెండు ఫారాలు నింపేలోపు పక్కవాడు పది నింపుతున్నాడు. కాగితాలు పేరుకుపోయాయి. నేను మేనేజర్‌ను బతిమాలి, ఆ ప్రోగ్రాం రాసినతను వచ్చినప్పుడు కలిశాను. మర్యాదస్తుడు, చిన్న వయసు.

"మేడం, ఇప్పుడు కీబోర్డు ఎవరు వాడ్తున్రు? అంతా క్లిక్కే గదా" అన్నాడు.

అన్న తన చేయి చూపించలేదు, దాని సంగతి నేనే చెప్పాను. అతను గడుల నంబర్లు అక్కడికక్కడే దిద్ది ఇచ్చాడు. బొమ్మల దగ్గర ఆగిపోయాడు. "ఇవి బటన్లు కావు మేడం, వట్టి బొమ్మలు. వీటి మీద కర్సర్ నిలవదు. కీబోర్డుతోని నడవాలంటే మొత్తం మళ్లా రాయాలె."

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. "అందరికి మంచిగనే ఉన్నది. ఒక్కల కోసం మళ్లా రాపిస్తరా మేడం? వేరే పని ఇస్తం లెండి."

ఆ వేరే పని, ముందు కౌంటర్‌లో రిపోర్టు కవర్లు అందించడం. రోజంతా మనుషుల ముఖాల ముందు. ఒకామె కవరు అందుకోబోయి అతని చేయి చూసి, తన చేయి వెనక్కి తీసుకొని, కౌంటర్ మీద పెట్టమంది. అన్న పెట్టాడు. ఇంటికొచ్చి ఇది నాకు చెప్పి, "ఆమె తప్పేం లేదు, భయపడ్డది" అన్నాడు. మరుసటి నెల నుంచి పోలేదు.

తర్వాత నాంపల్లి కోర్టుల ఎదుట ఒక జిరాక్స్ షాపులో అఫిడవిట్లు టైపు చేశాడు. అక్కడ గడులు లేవు, బొమ్మలు లేవు, తెల్ల పేజీ ఒక్కటే. వకీళ్లు తొందరపెట్టేవాళ్లు. రెండు చేతుల పని ఒక చేయి చేసి చేసి, ఎడమ మణికట్టు వాచింది. రాత్రుళ్లు వేళ్లు మొద్దుబారేవి. డాక్టరు చేతికి రెస్టు ఇవ్వమన్నాడు.

"ఏ చేతికి ఇయ్యాలె సార్?" అని అన్న అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. డాక్టరు మందులు రాసిచ్చాడు.

ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నేను ఒక చిన్న కంపెనీలో, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పనిలో చేరాను. ట్యాబ్ వరుస తప్పిందని రాసిస్తే, ముఖ్యమైనవన్నీ అయ్యాక చూద్దామని అట్టడుగున పెట్టేవాళ్లు. నేను రాస్తూనే ఉన్నాను. వాటిలో దిద్దినవి తక్కువ.

జిరాక్స్ షాపతను కొన్నాళ్లు చూసి ఇంకొక టైపిస్టును పెట్టుకున్నాడు. అన్న మళ్లీ ఏ కీబోర్డూ ముట్టలేదు. ఎడమచేయి ఇప్పుడు గ్లాసు పట్టుకుంటుంది, అంతకు మించి బరువు మోయదు. పొద్దున నేను ఆఫీసుకు పోయే ముందు అతని షర్టు గుండీలు పెడతాను. పై గుండీ దగ్గరికి వచ్చేసరికి గడ్డం కొంచెం పైకెత్తి నిలబడతాడు.