బ్యాక్టీరియా దిద్దుకునే తప్పులు, మా అత్త మాత్రలు

ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో నేను మైక్రోబయాలజీ చెబుతాను. బ్యాక్టీరియా తన డీఎన్ఏకు నకలు ఎలా తీసుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటి నాకు ఆ పాఠమంటేనే భయం పుట్టేలా చేసింది మా అత్త.

ఆమెది జమ్మలమడుగులో పూల అంగడి. ఒకరి మాట వినే రకం కాదు. ఆ మధ్య ఒంటేలుకు పోతే మంటగా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన వారానికి సరిపడా మాత్రలు రాశాడు. మంట తగ్గగానే ఆపేసింది. మా ఇళ్ళల్లో ఇది మామూలే. జబ్బు తగ్గాక మాత్ర మింగడం దండగ. మిగిలినవి డబ్బాలో దాచిపెట్టి, ఇంకెవరికైనా అదే బాధ వస్తే ఇవ్వడం పుణ్యం.

నెల తిరక్కుండా ఆమెకు చలిజ్వరం, నడుములో పోటు. ప్రొద్దుటూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. మూత్రంలోని క్రిమిని ప్లేటు మీద పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపితే, అది ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని, మామూలు మందులేవీ దాని మీద పనిచేయవని తేలింది. అప్పటికే అది కిడ్నీకి ఎక్కింది. మిగిలింది ఒకే ఒక్క రకం ఇంజెక్షను. "ఇది కూడా పనిచేయకపోతే కష్టమమ్మా" అన్నాడు డాక్టరు. పులివెందులలో ఉద్యోగం చేసే మా ఆయనకు ఫోన్ చేసి, వాళ్ళమ్మ గురించి డాక్టరన్న ఆ మాటే చెప్పాను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక జ్వరం దిగింది. దిగీ దిగగానే మా అత్త చీర కొంగు సర్దుకుని లేచి కూర్చుంది.

"జొరం పాయ గదా, ఇంగ ఈడ ఏం పని? అంగడి మూసుండాది. పోదాం పా."

నాకు ఒళ్ళు మండింది. వార్డంతా వినేలా అరిచాను. "తగ్గిందని ఆపినందుకే గదా అత్తా ఈ గతి పట్టింది! లోపల అవి ఇంకా ఉండాయి."

"ఏందే ఉండేది?"

చెప్పాను. చెప్పక చస్తానా, జీతం తీసుకునేదే అందుకు. ఒక బ్యాక్టీరియా రెండుగా మారాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీయాలి. అది నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి జంట పోగు. పోగులు రెండూ విడిపోయాక, ఒక్కో పాత పోగునూ చూసుకుంటూ ఒక ఎంజైము కొత్త పోగును అక్షరం తర్వాత అక్షరం అల్లుతుంది. తప్పు అక్షరం పడిందా, అక్కడే ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, దాన్ని తుంచేసి సరైనది పెడుతుంది. మా అత్త మాల కడుతూ వాడిన పువ్వు పడితే ఊడదీసి మళ్ళీ కట్టినట్టే. అప్పటికీ దొరక్కుండా పోయిన తప్పుల కోసం వెనకాలే ఇంకొన్ని ప్రోటీన్లు వెతుక్కుంటూ వస్తాయి. జత కుదరని చోట రెండు పోగుల్లో తప్పు దేనిదో వాటికి ఎలా తెలుస్తుంది? ఈ.కోలైలో పాత పోగు మీద చిన్న రసాయన గుర్తులుంటాయి. కొత్తదాని మీద అవి పడడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఆలోగా గుర్తులేని పోగును పట్టుకుని, ఆ ముక్క తీసేసి తిరిగి అల్లిస్తాయి. ఇంత చేశాక వంద కోట్ల అక్షరాలకు ఒకటో అరో తప్పు మిగులుతుంది.

మా అత్త దీక్షగా విన్నది. "అంత బద్రంగా రాసుకుంటాయంటాండావు. మరి మందుకు సావనిది యాడ నుంచి వచ్చె?"

"ఆ మిగిలిన తప్పు నుంచే అత్తా. శానా తప్పులు దానికే చేటు. కోట్లలో ఏదో ఒకదానికి మాత్రం ఆ తప్పే మందును ఓర్చుకునే బలమిస్తాది. నువ్వు మందు మధ్యలో ఆపితే అట్లాంటి మొండివే మిగుల్తాయి. ఇంగ అవి ఆ తప్పును గూడా అంతే బద్రంగా రాసుకుంటా పోతాయి."

ఆమె కిటికీ వైపు తిరిగి అంది: "కాలేజీలో బాత్రూము బాగలేదని నువ్వు పొద్దంతా నీళ్ళు తాగవు గదా. నీకూ ఈ మంట వస్తాదేమోనని మిగిలిన మాత్రలు నీకే దాచిపెట్టినా."

నా కోపం ఏమైపోయిందో తెలియదు. మంచం కమ్మీ పట్టుకుని, "నాకు నువ్వు కావాల అత్తా, మాత్రలు కాదు" అన్నాను.

ఇంటి మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. భయం మాత్రం నాకు పట్టుకుంది. నర్సు ఇంజెక్షను ఇచ్చిన ప్రతిసారీ, ఈ మందును కూడా ఓర్చుకునే తప్పు లోపల ఎక్కడో ఈపాటికే పడి ఉంటే ఎలా అని అనిపించేది. క్లాసులో 'ఒకటో అరో' అని తేలిగ్గా అనేసే మాట ఆ రోజుల్లో అనడం మానేశాను.

మందు పూర్తయ్యాక మళ్ళీ కల్చర్ చేయించాం. ప్లేటు మీద బ్యాక్టీరియా ఏదీ మొలవలేదని ల్యాబ్ అతను చెప్పాడు. నేను నమ్మలేక ఇంకోసారి అడిగి, బయట బెంచీ మీద కూలబడి బావురుమన్నాను.

మా అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏడుస్తాండావేందే! సచ్చింది అవి, నేను కాదు గదా!"