మొదటి పెరుగుకు తోడు

కాచి చల్లార్చిన పాల వాసన వస్తే చాలు, నాకు వెంకటప్ప సారు గుర్తొస్తారు. కుప్పంలో ఈ ఇంట్లో పాలకు తోడు వేసే పని నాదే. వేలు ముంచి వెచ్చదనం చూసుకుని, నిన్నటి పెరుగు చెంచాడు కలుపుతాను. ఆ చెంచా చేతిలో ఉన్నంతసేపూ పాతికేళ్ల వయసులోని నా పొగరు గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

డెబ్భైల చివర్లో పుంగనూరులో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. మదనపల్లెలో డిగ్రీ చదివానన్న గర్వం నెత్తికెక్కి ఉండేది. వెంకటప్ప సారు అక్కడ మా అందరికంటే సీనియర్. ఆయన తరగతిలో నల్లబల్ల మూల ఒక గడి గీసి ఉండేది. తనకు జవాబు తెలియని ప్రశ్నను అందులో రాసి, కింద అడిగిన పిల్లల పేరు వేసేవారు. జవాబు దొరికేదాకా ఆ గడిమీద డస్టరు పడకూడదు. తనకు తెలియదని తానే చాటింపు వేసుకునే పంతులును ఎక్కడా చూడలేదని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు తొమ్మిదో తరగతికి విశ్వం పుట్టుక గురించి చెబుతున్నాను. అంతా ఒకప్పుడు ఇరుకుగా, చెప్పలేనంత వేడిగా ఉండి, తర్వాత విస్తరించిందన్నాను. ఈశ్వరమ్మ అనే పిల్ల లేచింది.

"సార్, పెరుగు కావాలంటే నిన్నటి పెరుగు తోడెయ్యాల. మొట్టమొదటి పెరుగుకు ఏం తోడేసినారు? మీరు చెప్పేదానికి గూడా ముందు ఏమన్నా ఉండాల గదా?"

తరగతంతా నవ్వింది. నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు జవాబు తెలియదు. "సైన్సు క్లాసులో పెరుగు గోలేంటి? పోయి పేడెత్తుకో" అని బయట నిలబెట్టాను. మర్నాటినుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

వారం తర్వాత సారుకు సంగతి తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాటైనా అనలేదు. "పదప్పా, వాళ్లూరికి పోయొస్తాం" అన్నారు. గంగవరం వైపు పోయే బస్సెక్కి, మధ్యలో దిగి రెండు మైళ్లు నడిచాం. ఈశ్వరమ్మ గొర్రెలకు ఆకు వేస్తోంది. వాళ్ల నాయన రెడ్డెప్ప మాకు మంచం వాల్చాడు.

"ఆడపిల్లకు ఈ సదువు సాలు సార్. అయివారే పేడెత్తుకోమన్నంక ఇంక యాల పంపేది?" అన్నాడు.

చెంప ఛెళ్లుమన్నట్టయింది. సారు నావైపు చూశారు. నేను ఆ పిల్లతోనే చెప్పాను.

"నువ్వడిగింది మంచి ప్రశ్నమ్మా. నాకు జవాబు తెలియదు. ఆ మాట చెప్పలేక నిన్ను తిట్టాను. తప్పు నాది."

ఆమె నన్ను వదిలేసి సారును అడిగింది. "మీకు తెలుసునా సార్?"

"నాకూ తెలీదు తల్లీ. కొందరు దేవుడంటారు, కొందరు ముందనేదే లేదంటారు. ఖాయంగా ఎవురికీ తెలీదు. నువ్వు సదువుకోని మాకు చెప్పాల."

రెడ్డెప్ప కూతురివైపు తిరిగి చూశాడు. "ఇద్దరు అయివార్లకు తెలీనిది మా పాప అడిగిందా?" అన్నాడు.

సోమవారం ఈశ్వరమ్మ వచ్చింది. అప్పటికే నా తరగతి బల్ల మూల నేనూ ఒక గడి గీసి, ఆమె ప్రశ్న రాసి, కింద పేరు వేశాను. ఆమె అది చదువుకుని, వెళ్లి తన చోట కూర్చుంది. తర్వాత పది పాసై నర్సు ట్రైనింగుకు పోయింది.

ఎనభైల్లో సారు మదనపల్లె ఆసుపత్రిలో మంచాన పడ్డప్పుడు చూడబోయాను. "ఆ పెరుగు ప్రశ్న ఉండాదా, తుడిచేసినావా?" అని అడిగారు.

"ఉంది సార్."

"ఉండనీప్పా" అన్నారు. ఆ వారంలోనే పోయారు.

బదిలీమీద కుప్పం వచ్చిన మొదటిరోజు ఇక్కడి బల్లమీదా గడి గీసి, ఆ ప్రశ్నే రాశాను, ఈశ్వరమ్మ పేరుతో సహా. రిటైరైన రోజు సాయంత్రం బల్లంతా నేనే శుభ్రం చేశాను. ఆ గడిని మాత్రం తుడవలేదు. డస్టరు బల్లకింద పెట్టి ఇంటికొచ్చేశాను.